వాషర్ కింద దొరికిన రంగు: ఒక పాత షిఫ్టర్ డైరీ

1వ రోజు

గేర్లు మార్చే మెకానిజం, అదే షిఫ్టర్, మొత్తానికి బల్ల మీదికి వచ్చింది. ఫ్యాక్టరీలో ఏ ముక్కకి ఏ పూత వేశారో కనిపెట్టి, మళ్ళీ అలాగే చేయాలన్నది నా ఆలోచన. 1960ల చివరి నాటి కారు, నాలుగు గేర్ల మాన్యువల్, ఫ్లోర్ షిఫ్ట్ (గేర్ రాడ్ నేల మీంచి వచ్చేది). గేర్‌బాక్స్ పక్కన రెండు లివర్లు, వెనక రివర్స్‌కి ఇంకొకటి. వాటికీ షిఫ్టర్‌కీ మధ్య మూడు లింకేజ్ రాడ్లు. క్లిప్పులు, బుష్‌లు, వాషర్లు అన్నీ కలిపినా ఒక ప్లాస్టిక్ ట్రేలో సరిపోయాయి.

ఏ కంపెనీ కారో, ఏ మోడలో కావాలనే రాయడం లేదు. రాస్తే ఎవరో ఒకరు ఇది చూసి తమ కారుకి కూడా ఇవే పూతలు వేయించేస్తారు. ఒకే మోడల్‌లోనే ఏడాది మారితే, ప్లాంట్ మారితే, ఆ క్లిప్పు సప్లై చేసేవాడు మారితే పూత కూడా మారిపోతుంది. నా షిఫ్టర్‌లో ఏం దొరికిందో చెబుతాను. మీ దానిలో ఏముందో మీరే వెతుక్కోవాలి.

ఇంతకుముందు ఒక షిఫ్టర్ చేశాను. అన్నీ విప్పి, బ్లాస్టింగ్ (ఇసుకలాంటి రేణువుల్ని గాలితో కొట్టి శుభ్రం చేయడం) చేయించి, కనిపించేదంతా క్రోమ్, మిగతాదంతా నిగనిగలాడే నల్ల పెయింట్. చూసినవాళ్ళంతా శభాష్ అన్నారు. ఈ పనిలో తల నెరిసిన ఒక పెద్దాయన మాత్రం కింద దూరి చూసి, "ఇది అద్దాల బీరువాలో పెట్టుకోవడానికా, గేర్లు వేయడానికా?" అన్నాడు. అప్పుడు కోపం వచ్చింది. ఇంటికొచ్చి పాత ఫొటోలు తీసి చూస్తే ఆయన మాటే నిజం. ఫ్యాక్టరీలో ఆ భాగాల్లో సగానికి ఎవరూ మెరుపు పెట్టలేదు. తుప్పు పట్టకుండా కొన్నాళ్ళు ఆగితే చాలన్నట్టు చవగ్గా, త్వరగా పూత వేసి పంపించేశారు.

ఈసారి నాకు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. పూత ఏమిటో తేలేదాకా ఏ ముక్కకీ వైర్ బ్రష్ తగలకూడదు.

2వ రోజు

రోజంతా కిరోసిన్, మెత్తటి పెయింట్ బ్రష్, పాత బనీను గుడ్డ. అంతే. స్క్రేపర్ లేదు, యాసిడ్ లేదు, రస్ట్ రిమూవర్ కూడా లేదు. తుప్పులోని ఇనుముని పట్టి కరిగించే ఆ చీలేటింగ్ రకం రస్ట్ రిమూవర్లు ఇనుముకి ఏమీ చేయవు కానీ బ్లాక్ ఆక్సైడ్‌ని తుప్పుతో పాటే తినేస్తాయి. ఎందుకంటే ఆ నల్ల పూత కూడా ఐరన్ ఆక్సైడే కదా. ముక్క శుభ్రంగా బూడిద రంగులో బయటికొస్తుంది, మనం "ఓహో, దీనికి అసలు పూతే లేదన్నమాట" అనుకుంటాం. సాక్ష్యం మాత్రం బకెట్‌లో కలిసిపోయి ఉంటుంది.

యాభై ఏళ్ళ గ్రీజుని తిట్టుకుంటాం గానీ ఇక్కడ అదే మనకు కాపలాదారు. గ్రీజు మందంగా పేరుకున్న చోటే పూత బతికి ఉంది. బాగా దొరికిన చోట్లు: వాషర్ కింద, నైలాన్ బుష్ కూర్చున్న వలయం, క్లిప్పు కరిచిన గాడి, రెండు ప్లేట్లు ఒకదానికొకటి ఆనుకున్న ముఖాలు, రాడ్ వంపు లోపలి వైపు. బయటికి కనిపించే వైపు ఏదీ నమ్మడానికి లేదు.

3వ రోజు

ఇవాళ దొరికిందాని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

షిఫ్టర్ బాడీని గేర్‌బాక్స్ వెనక భాగానికి బిగించే మౌంటింగ్ ప్లేటు బయటికి పూర్తిగా తుప్పు. దాని బోల్టు విప్పి వాషర్ తీశాను. కింద పావలా బిళ్ళంత గుండ్రం. లేత పసుపు, అంచుల్లో కొంచెం గులాబీ, కొంచెం ఆకుపచ్చ. వాన నీటి మీద కిరోసిన్ బొట్టు పడితే తేలే రంగుల్లాంటివే. అది జింక్ మీద, జింక్‌ని కాపాడటానికి వేసిన పల్చటి పొర, పసుపు క్రోమేట్. లైటు పక్కకి జరిపితే రంగు కూడా జరుగుతుంది. పెయింట్ అలా జరగదు.

పక్కనే ఉన్న మూడు రాడ్లకి ఆ పసుపు ఎక్కడా లేదు. బుష్ కింద నీలి ఛాయ ఉన్న తెలుపు. అంటే జింకే, కానీ క్లియర్ (రంగు కలపని) క్రోమేట్. ఒకే షిఫ్టర్‌లో, ఒకదాన్నొకటి తగిలే రెండు ముక్కలకి రెండు రకాలు. ఎవరైనా నాకు ముందే చెప్పి ఉంటే నమ్మేవాణ్ణి కాదు.

షిఫ్టర్ లోపలి లివర్లు ఇంకో కథ. వాటికి ప్లేటింగ్ లేదు. హీట్ ట్రీట్‌మెంట్‌లోంచి వచ్చిన మచ్చల నలుపు, బూడిద కలిసిన రంగు. వాటి మీద నూనె, అంతే. గేర్ రాడ్‌కి క్రోమ్. కానీ బూట్ (గేర్ రాడ్ చుట్టూ ఉండే తొడుగు) కింద దాక్కునే కింది సగంలో క్రోమ్ అడుగున గ్రైండింగ్ గీతలు కనిపిస్తున్నాయి. పైసగాన్ని పాలిష్ చేసినవాడు కింది సగానికి చేయి కూడా వేయలేదు. నాకైతే అది చూస్తే ముచ్చటేసింది.

రివర్స్ గేటు స్ప్రింగ్, అంటే పొరపాటున రివర్స్ పడకుండా అడ్డుపడేది, "బూడిద రంగు, అరిగిన జింక్" అని పుస్తకంలో రాసుకున్నాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

ప్రతి ముక్కకీ కిటికీ పక్కన ఒకే చోట, ఒకే సమయంలో, పక్కన తెల్ల కాగితం పెట్టి ఫొటో తీశాను. ట్యూబ్‌లైటు కింద తీస్తే పసుపు, తెలుపు రెండూ ఒకేలా కనిపిస్తాయి.

4వ రోజు

ఒక అనుమానం మిగిలింది. రెండు చిన్న క్లిప్పుల మీద వెండిలా మెత్తటి మెరుపు ఉంది, అది జింక్‌లా లేదు. కాడ్మియం కావచ్చు. ఆ రోజుల్లో కాడ్మియం ప్లేటింగ్ మామూలే. ఉప్పునీటికి బాగా ఆగుతుంది, జారుడుగా ఉంటుంది, బోల్టులు సాఫీగా బిగుస్తాయి. కానీ అది విషం. దాన్ని రుద్దితే వచ్చే పొడి, వేడి చేస్తే వచ్చే పొగ రెండూ ప్రమాదమే. అందుకే తేలేదాకా ఆ క్లిప్పులకి ఎమరీ పేపర్ లేదు, గ్యాస్ టార్చ్ లేదు, బ్లాస్టింగ్ అసలు లేదు.

దీనికి స్పాట్ టెస్ట్ ఉంది. అమ్మోనియం నైట్రేట్ ద్రావణంతో పూతని కొంచెం కరిగించి, సోడియం సల్ఫైడ్ చుక్క వేస్తే కాడ్మియం అయితే నిండు పసుపు వస్తుంది, జింక్ అయితే తెలుపు. సల్ఫైడ్‌తో ఇంట్లో ఆడుకోవడం నాకు ఇష్టం లేదు, దానికి యాసిడ్ తగిలితే విషవాయువు వస్తుంది. ల్యాబ్‌లో పనిచేసే స్నేహితుడికి ఇచ్చాను. సాయంత్రం ఫోన్ చేసి ఒక్క ముక్క చెప్పాడు: "పసుపు."

సరే. ఆ రెండూ చేతి తొడుగులతో కవర్‌లోకి వెళ్ళాయి. వాటికి మళ్ళీ కాడ్మియం వేయించను. పసుపు లేని జింక్ వేయించి, మెరుపు కొంచెం తగ్గిస్తే రెండడుగుల దూరంలో ఎవరికీ తెలియదు. అచ్చుగుద్దినట్టు అదే కావాలనే పట్టుదల నాకూ ఉంది గానీ, దానికీ ఒక హద్దు ఉండాలి.

6వ రోజు

ముక్కల్ని పూతల ప్రకారం విడదీసి కవర్లలో వేశాను. నీలి తెలుపు జింక్, పసుపు జింక్, ఫాస్ఫేట్ (ఇనుము మీద పెరిగే బూడిద రంగు పూత), క్రోమ్, పూత లేనివి. ప్రతి కవర్‌లో ఒక ఫొటో. టెన్షన్ ఏమిటంటే రెండు వాషర్లు ఏ బోల్టువో మర్చిపోయాను. విప్పేటప్పుడు రాసుకోలేదు, నాదే తప్పు.

8వ రోజు

చిన్న ముక్కలకి జింక్ ఇంట్లోనే వేద్దామని మొదలుపెట్టాను. పాత జింక్ దించడానికి పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్. వేయగానే చివ్వున పొంగుతుంది. పొంగు ఆగిందంటే జింక్ అయిపోయి ఇనుము వచ్చినట్టు, వెంటనే తీసేయాలి. వాషర్లు, పిన్నులు బాగానే వచ్చాయి. ఆ ఊపులో రివర్స్ గేటు స్ప్రింగ్ కూడా యాసిడ్‌లో వేశాను. అసలు పొంగలేదు. అక్కడే ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. "జింక్ పూర్తిగా అరిగిపోయి ఉంటుంది" అనుకుని ఇరవై నిమిషాలు వదిలేసి, తర్వాత ప్లేటింగ్ కూడా చేశాను. బాగా మెరిసింది. సరిపోతుందో లేదో చూద్దామని షిఫ్టర్‌లో బిగించి, అలాగే సాగదీసిన స్థితిలో వదిలేసి పడుకున్నాను.

10వ రోజు

పొద్దున్నే షెడ్డు తలుపు తీస్తే స్ప్రింగ్ రెండు ముక్కలు.

ఎవరూ ముట్టుకోలేదు. వంపు లేదు, సాగుడు లేదు, గాజు పుల్ల విరిగినట్టు నిటారుగా విరిగింది. దీన్నే హైడ్రోజన్ ఎంబ్రిటిల్‌మెంట్ అంటారు. చదివాను, తెలుసు, అయినా చేశాను. యాసిడ్‌లోనూ ప్లేటింగ్ బాత్‌లోనూ పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దూరి కూర్చుంటుంది. లోడ్ పడగానే విరగదు. గంటలు, ఒక్కోసారి రోజులు ఆగి, ఎవరూ చూడనప్పుడు విరుగుతుంది. మెత్తటి ఇనుప రాడ్లకి, బ్రాకెట్లకి ఈ బాధ లేదు. స్ప్రింగులు, సర్‌క్లిప్పులు, బాగా గట్టిపరిచిన పిన్నులకే.

అలాంటివాటికి జింక్ వేయించాల్సే వస్తే, ప్లేటింగ్ అయిన కొద్ది గంటల్లోనే ఓవెన్‌లో 190 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం నాలుగు గంటలు కాల్చాలి. ఉక్కు ఎంత గట్టిదైతే అంత ఎక్కువసేపు. ఇంకో మెలిక ఉంది. క్రోమేట్ ఆ కాల్చడం అయ్యాకే వేయాలి. ముందే వేస్తే ఆ పల్చటి పొర వేడికి పగిలి, రక్షణ పోతుంది. అరవై డిగ్రీలు దాటగానే పాత రకం పసుపు క్రోమేట్ పాడవడం మొదలవుతుంది.

మధ్యాహ్నం విరిగిన ముక్కని భూతద్దం కింద పెట్టి చూశాను. కొక్కెం లోపలి వంపులో, నా జింక్ సరిగా పట్టని చోట, వెల్వెట్ గుడ్డలాంటి ముదురు బూడిద రంగు. యాసిడ్‌కి కూడా పూర్తిగా పోలేదు. మూడో రోజు నేను "అరిగిన జింక్" అని రాసుకున్నది అదే. అది జింకే కాదు, ఫాస్ఫేట్. ఫ్యాక్టరీవాళ్ళు ఈ స్ప్రింగ్‌కి జింక్ ఎందుకు వేయలేదో నాకు స్ప్రింగే విరిగి చెప్పింది.

11వ రోజు

ఏమీ చేయలేదు. పాత మెకానిజం ఒకటి పడి ఉంటే దానిలోంచి ఇంకో స్ప్రింగ్ తీశాను.

14వ రోజు

ఫాస్ఫేట్ రోజు. ఈ మొత్తం ప్రాజెక్టులో నాకు నచ్చిన పని ఇదే.

ఫాస్ఫేట్ పూతకి చరిత్ర కూడా పెద్దదే. 1906లో కోస్లెట్ అనే ఆయన ఇంగ్లండ్‌లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత అమెరికాలో పార్కర్ కంపెనీ దీన్ని పెద్ద ఎత్తున చేయడంతో పార్కరైజింగ్ అనే పేరు స్థిరపడింది. అది పెయింట్‌లా పైన కూర్చునే పొర కాదు. ఇనుముతోనే కలిసి పెరిగే స్ఫటికాల పొర. నూనెని స్పాంజిలా పట్టి ఉంచుతుంది. అందుకే లోపల రాసుకునే భాగాలకి అంత బాగా పనికొస్తుంది.

రెండు రకాలున్నాయి. జింక్ ఫాస్ఫేట్ లేత బూడిద, మాంగనీస్ ఫాస్ఫేట్ ముదురు. నా మిగతా క్లిప్పులకీ స్ప్రింగ్‌కీ మాంగనీస్ రకమే సరిపోయింది. స్టీలు గిన్నెలో ద్రావణం, 90 డిగ్రీల చుట్టూ, మరగనివ్వకూడదు. అల్యూమినియం గిన్నె వాడితే గిన్నే కరుగుతుంది. ముందు కాస్త స్టీల్ వూల్‌ వేసి ద్రావణాన్ని మేల్కొలిపాను. ముక్కలు వేయగానే సన్న బుడగలు. పావుగంటకి బుడగలు తగ్గాయి. తీస్తే నిరాశ. సుద్దముక్క రంగులో, పొడిపొడిగా. వేడినీటిలో కడిగి, ఆరబెట్టి, నూనెలో ముంచాను. అప్పుడు చూడాలి. నీళ్ళు తగిలిన నల్లరేగడి నేలలా ఒక్కసారి రంగు ముదిరింది. మూడో రోజు ఫొటో పక్కన పెడితే తేడా లేదు.

ఫాస్ఫేట్ బాత్‌లో కూడా యాసిడ్ ఉంటుంది. కాబట్టి కొత్త స్ప్రింగ్‌ని ఐదు రోజులు ఏ లోడూ లేకుండా బల్ల మీద ఊరికే ఉంచాలని పక్కన పెట్టాను. దీనికి జింక్‌కి పెట్టే వేడి పెట్టకూడదు, పొర దెబ్బతింటుంది.

కోల్డ్ బ్లూయింగ్ సీసాలతో ఇదే రంగు తెచ్చామని కొందరంటారు. అది ఉక్కు మీద పల్చగా పేరుకునే రాగి, సెలీనియం పొర, వేలితో నాలుగుసార్లు రుద్దితే పోతుంది. అసలైన బ్లాక్ ఆక్సైడ్‌కి 140 డిగ్రీల కాస్టిక్ ఉప్పుల ద్రావణం కావాలి. నీటి చుక్క పడితే చిమ్ముతుంది. అది ఇంటి పని కాదు.

17వ రోజు

రాడ్లు, మౌంటింగ్ ప్లేటు, బోల్టులు ప్లేటింగ్‌కి ఇవ్వడానికి వెళ్ళాను. ప్లేటింగ్ చేసే ఆయనతో అరగంట మాట్లాడాను.

"సార్, మేం వేస్తే అద్దంలా ఉంటుంది."

"అద్దంలా వద్దండీ. అదే చెప్పడానికి వచ్చాను."

ఆయన నన్ను ఒకసారి ఎగాదిగా చూశాడు. పాపం ఆయన తప్పేమీ లేదు. ఇప్పటి యాసిడ్ క్లోరైడ్ బాత్‌లలో మెరుపు పెంచే బ్రైట్‌నర్లు వేస్తారు, జింక్ క్రోమ్‌తో పోటీపడేంత మెరుస్తుంది. నా రాడ్ల మీది పాత జింక్ మసకగా, కాస్త పాలరంగులో ఉంది. రాడ్లని సన్నటి గ్లాస్ బీడ్ (గాజు పూసలు)తో తక్కువ ప్రెషర్‌లో బ్లాస్ట్ చేసి ఇస్తే మెరుపు దానంతటదే తగ్గుతుందని తేల్చుకున్నాం. ప్లేటింగ్ కింది గీతని దాచదు, కింద ఏముంటే పైన అదే కనిపిస్తుంది. మనకి ఇక్కడ అదే లాభం.

తర్వాత మందం. ఎనిమిది మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చాలన్నాను. రంధ్రంలో రెండు వైపులా పడుతుంది కాబట్టి వ్యాసం పదహారు మైక్రాన్లు తగ్గుతుంది. మామూలు 60 డిగ్రీల మరల దగ్గర లెక్క ఇంకా ఘోరం. పిచ్ వ్యాసం (మర పళ్ళ నడుమ కొలిచే వ్యాసం) పూత మందానికి నాలుగింతలు పెరుగుతుంది, అంటే ముప్పై రెండు మైక్రాన్లు. పాత బోల్టుకి పాత నట్టు చేత్తో తిరగకపోతే మర చెడిందని మర కోసే ట్యాప్ పట్టుకుని పరిగెత్తకండి, పూత మందం అడగండి. పివట్ రంధ్రాలకి రబ్బరు బిరడాలు పెట్టించాను.

ఇక పసుపు. పాత పసుపు క్రోమేట్ హెక్సావలెంట్ క్రోమియం అనే విషపూరిత రకంతో చేసేవారు. యూరప్ 2000లో తెచ్చిన కాలం తీరిన వాహనాల డైరెక్టివ్ (2000/53/ఈసీ) కొత్త కార్లలో సీసం, పాదరసం, కాడ్మియం, హెక్సావలెంట్ క్రోమియం వాడకాన్ని 2003 జూలై నుంచి కట్టడి చేసింది. తుప్పు పట్టకుండా వేసే పూతల్లోని హెక్సావలెంట్‌కి చాలావరకు 2007 దాకా గడువిచ్చారు. ఆ తర్వాత కార్ల పనిలో అంత విషం కాని క్రోమియం రకం, ట్రైవలెంటే రాజ్యం. అది సహజంగా లేత రంగు. పసుపు కావాలంటే చాలాచోట్ల డై కలుపుతారు. డై పసుపు నిమ్మపండు తొక్కలా ఒకే రంగులో ఉంటుంది, వాషర్ కింది గులాబీ, ఆకుపచ్చ దానిలో రావు. సాంపిల్ ముక్క వేసి చూపించమన్నాను.

18వ రోజు

గేర్ రాడ్ క్రోమ్‌కి. ఒక్కటే షరతు పెట్టాను, కింది సగం పాలిష్ చేయొద్దని. పైసగంలో చెక్కిన అక్షరాల మీద బఫ్ చక్రం అడ్డంగా తిప్పొద్దని కూడా. క్రోమ్ మామూలుగా మైక్రాన్‌లో సగం కూడా ఉండదు. మెరుపంతా దాని కింది నికెల్‌ది, ఆ నికెల్ కింది పాలిష్‌ది. బఫింగ్‌లో అక్షరాల అంచులు గుండ్రమైతే ఎంత క్రోమ్ వేసినా సబ్బు మీద చెక్కిన పేరులాగే కనిపిస్తుంది.

23వ రోజు

గేర్‌బాక్స్ వెనక భాగం అల్యూమినియం. మామూలుగా దీన్ని బ్లాస్ట్ చేసేస్తారు. నేను చేయలేదు. అచ్చులోంచి వచ్చిన నునుపైన పైపొర పోతే కింది సన్నరంధ్రాలు బయటపడి, గ్రీజు తాగి వారంలో నల్లబడుతుంది. డిగ్రీసర్, నైలాన్ బ్రష్, ఓపిక. వెండి పెయింట్ మాత్రం నా చేత ఎవరూ వేయించలేరు.

29వ రోజు

పార్సిల్ వచ్చింది. రాడ్లు చక్కగా ఉన్నాయి. క్రోమ్ బాగుంది, కింది సగంలో గ్రైండింగ్ గీతలు అలాగే ఉన్నాయి. విప్పగానే ముందు అదే చూశాను. పసుపు ప్లేటు సాంపిల్‌కి దగ్గరగా ఉంది కానీ ఒక మూల రంగు లేదు, వేలిముద్ర ఆకారంలో తెల్లగా ఉంది. క్రోమేట్ పొర వేసిన మొదటి రోజు మెత్తగా జిగురులా ఉంటుంది, ఎవరో ఆరకముందే పట్టుకున్నారు. ఆ మూల గేర్‌బాక్స్‌కి ఆనుకునే వైపు. వదిలేశాను.

31వ రోజు

పూత లేని లోపలి లివర్ల మీద ఏమీ వేయలేదు. మెరుపు లేని పారదర్శక పెయింట్ (మ్యాట్ క్లియర్) ఒకదాని మీద ప్రయత్నించాను. ఉక్కుకి ప్లాస్టిక్ చొక్కా తొడిగినట్టుంది. థిన్నర్‌తో తుడిచేసి నూనె రాశాను. ఆరు నెలలకోసారి తుడుచుకుంటే సరిపోతుంది.

33వ రోజు

బిగింపు. రివర్స్ గేటు స్ప్రింగ్ ముందుగా వేశాను, భయం భయంగానే. షిఫ్టర్‌ని న్యూట్రల్‌లో పెట్టి, అన్ని లివర్ల రంధ్రాల్లోంచి పావు అంగుళం అలైన్‌మెంట్ పిన్ను దూర్చి, ఒక్కో రాడ్ పొడవు సరిచేశాను. పిన్ను వేళ్ళతోనే లోపలికీ బయటికీ జారాలి. మూడో రాడ్ దగ్గర పట్టింది. సగం చుట్టు తిప్పితే వదిలింది.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. రివర్స్‌కి కొంచెం బరువుగా ఉంది, కొత్త బుష్‌లు కదా.

36వ రోజు

స్ప్రింగ్ ఇంకా ఒక్క ముక్కగానే ఉంది. విరిగిన పాతదాన్ని, పసుపు గుండ్రాన్ని కింద దాచిన పాత వాషర్‌తో కలిపి కవర్‌లో వేసి, మీద "జింక్ కాదు" అని రాసి సొరుగులో పెట్టాను. ఏ బోల్టువో తెలియని ఆ రెండు వాషర్లు మాత్రం ఇంకా ట్రేలోనే ఉన్నాయి.